‘ఏం కాదండీ’ అంటున్నారు, పని మొదలుపెట్టించొచ్చా?

రెండు నెలల కిందట ఈ శీర్షికలో, కరెంటు తీగల కింద ఇనుప నిచ్చెన నిలబెట్టొద్దని ఒక పాఠకుడికి నాలుగు ముక్కల్లో జవాబు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు, పనిలో ఉన్న కుర్రాళ్లు, పనికెళ్లిన మనిషి ఇంటికొచ్చేదాకా గుమ్మంవైపే చూస్తూ కూర్చునే ఆడవాళ్లు, అందరూ రాశారు. నేను ఇరవై నాలుగేళ్లు సైట్లలో సూపర్‌వైజర్‌గా తిరిగినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే నాకు చాలా ముఖాలు గుర్తొచ్చాయి. కొందరు తమ మేస్త్రీ గురించే రాశారు, వాళ్ల పని పోకూడదు, అందుకే పేర్లన్నీ తీసేశాను.

ప్రశ్న: మాది కాకినాడ. మూడంతస్తుల ఇంటికి బయట రంగులు వేయిస్తున్నాం. పెయింటర్లు డాబా మీద నీళ్ల ట్యాంకు పైపుకు తాడు కట్టి, చెక్క పలక మీద కూర్చుని జూలాలాగా కిందికి దిగుతున్నారు. చూడలేకపోతున్నాను. “ఇరవై ఏళ్ల నుంచి ఇలాగే చేస్తున్నాం మేడమ్, ఏం కాదు” అంటున్నారు. మావారేమో “వాళ్ల పని వాళ్లకు తెలుసు, నువ్వు లోపలికి రా” అంటున్నారు. నేను చెప్పొచ్చా? ఏమని చెప్పాలి?

జవాబు: చెప్పాలమ్మా. ఈ ఉత్తరం మీ చేతికి అందేలోగా పని అయిపోతుందేమోనని మీకు ఫోన్ కూడా చేయించాను.

ముందు డాబా ఎక్కి తాడు దేనికి కట్టారో చూడండి. ప్లాస్టిక్ పైపు, సోలార్ హీటర్ స్టాండు, డిష్ యాంటెన్నా, పిట్టగోడ మీద కట్టిన చిన్న ఇటుక స్తంభం, వీటిలో ఏదైనా అయితే మనిషిని వెంటనే పైకి రమ్మనండి. తాడు కట్టాల్సింది పిల్లర్‌కు, లేదా స్లాబులోంచి వచ్చిన కాంక్రీటు దిమ్మకు. మెట్ల గది పిల్లర్లు దీనికి బాగా పనికొస్తాయి, కాకపోతే తాడు పొడుగ్గా కావాలి, ఆ పది మీటర్ల తాడు కొనడానికి బద్ధకించే దగ్గరున్న పైపుకు కడతారు. తర్వాత పిట్టగోడ అంచు చూడండి. తాడు అక్కడ సిమెంటు అంచు మీద రోజంతా రాసుకుంటూ ఉంటుంది, మనిషి అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ రంపం పెట్టినట్టే. కింద మడతపెట్టిన గోనెసంచి గానీ పాత టైరు ముక్క గానీ ఉండాలి. నైలాన్ తాడు చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది గానీ ఎండలో నెలల తరబడి పడి ఉంటే లోపల పెళుసుబారిపోతుంది. ముడి పడినచోట తాడు బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. వాళ్లు ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నది నిజమే కావచ్చు, కానీ ఈ తాడు వయసు ఎంతో, పోయినసారి ఎక్కడ వాడారో వాళ్లను అడిగి చూడండి, ఒక్కరు కూడా చెప్పలేరు.

ఇక అసలు విషయం రెండో తాడు. కూర్చున్న జూలా తాడు ఒకటి, ఒంటికి కట్టుకున్న బెల్టు తాడు ఇంకొకటి, రెండూ వేర్వేరు చోట్ల కట్టాలి. బెల్టు వేసుకుని దాని కొక్కేన్ని జూలా తాడుకే తగిలించుకున్నవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను, జూలా తెగితే బెల్టుతో సహా కిందికి రావడమే. నడుముకు మాత్రమే కట్టుకునే బెల్టు కూడా వద్దు, పడినప్పుడు ఆ కుదుపంతా నడుము మీదే పడుతుంది. భుజాలకూ తొడలకూ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, దాని మీద ఐఎస్ 3521 అని ముద్ర ఉంటుంది. రెండు మూడు వేలు పెడితే దొరుకుతుంది. మీరు మూడంతస్తుల ఇంటి రంగుకు పెడుతున్న డబ్బులో అదెంత చెప్పండి.

మీవారికి ఇది చదివి వినిపించండి. సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండో అంతస్తు సన్‌షేడ్ నుంచి జారిన మనిషి ఒక్క సెకను పైచిలుకులో నేల మీద ఉంటాడు, అప్పటికి వేగం గంటకు 39 కిలోమీటర్లు. ఆ సెకనులో ఇరవై ఏళ్ల అనుభవం చెయ్యగలిగింది ఏమీ లేదు. “వాళ్ల పని వాళ్లకు తెలుసు” అంటే రంగు వెయ్యడం తెలుసు. ఎత్తులో ఎలా ఉండాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు, వాళ్ల గురువుకూ నేర్పలేదు.

ఎలా చెప్పాలంటారా, భయపెట్టినట్టో దబాయించినట్టో చెప్పకండి, వాళ్లు నవ్వేసి పక్కకెళ్తారు. “బాబూ, నా ఇంటి దగ్గర ఇలా వద్దు. తాళ్లూ హార్నెస్సూ నేను కొనిస్తాను, పని అయ్యాక మీరే తీసుకెళ్లండి, ఈ ఒక్కరోజు కూలీ కూడా ఇస్తాను, రేపు మొదలుపెడదాం” అనండి. అలా అంటే కాదన్న పెయింటర్ నాకైతే ఇంతవరకు తగల్లేదు. వాళ్లకు ప్రాణం మీద తీపి లేక కాదు ఇలా చేసేది, అడుగుకు ఇంత అని బేరమాడి రేటు తగ్గించినప్పుడు ఆ తగ్గింపు ముందుగా తాడులోనే కనిపిస్తుంది.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర ఒక ఊళ్లో ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పర్‌గా చేస్తున్నాను. నాకు 19 ఏళ్లు. మా మాస్టర్ డ్రిల్లింగ్ మిషన్ వైరుకు ప్లగ్గు పెట్టడు, రెండు తీగలు నేరుగా సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు కుక్కమంటాడు. మొన్న ఒక ఇంట్లో ఆర్‌సీసీబీ మాటిమాటికి పడిపోతుందని దాన్ని తప్పించి డైరెక్ట్ చేశాడు. తప్పు కదా అంటే “భయపడేవాడివి ఈ పనికి పనికిరావు” అన్నాడు. నాకు నిజంగా భయంగానే ఉంది. ఈ పని మానెయ్యాలా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. నీకున్న ఆ భయమే నిన్ను మంచి ఎలక్ట్రీషియన్‌ను చేస్తుంది, దాన్ని పోగొట్టుకోకు.

ఆర్‌సీసీబీ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అక్కడ ఇప్పుడు ఒక కుటుంబం ఉంటోంది. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్, వైర్లను కాపాడటానికి పెట్టింది, 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి షాక్ కొట్టి కొట్టుకుంటున్న సంగతి అసలు తెలియదు, అంత కరెంటు మన ఒంట్లోంచి పోదు. మనిషి కోసం పెట్టింది ఆర్‌సీసీబీ, కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి కారితే అది లైన్ తెంపేస్తుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడిపోతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే కరెంటు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు, అంతకంటే కొంచెం ఎక్కువైతే గుండె లయ తప్పిపోవచ్చు. ఇంకా తక్కువలోనే, పది ఇరవై మిల్లీ ఆంపియర్ల దగ్గరే, చెయ్యి బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేం. అందుకే అది తీసేస్తే ఆ ఇంట్లో తడి చేత్తో గీజర్ స్విచ్ వేసే పిల్లకు అడ్డుగా ఇంకేమీ మిగల్లేదు.

అది మాటిమాటికి పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని అది మొత్తుకుంటోంది. వెతకడం ఎలాగో రాసుకో. ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎక్కించు, తర్వాత ఒక్కొక్కటీ ఎక్కిస్తూ పో, దేంతో పడితే ఆ లైన్లో గీజరో, మోటారో, బయట తడిసిన లైటో ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. మామూలు ఎంసీబీ ఫేజును, అంటే కరెంటు వచ్చే తీగను మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ అలాగే ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగిలి ఉంటే ఎంసీబీలు దించినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉండొచ్చు, అప్పుడు “ఇదే పాడైపోయింది” అని దాన్ని పీకేస్తారు. న్యూట్రల్ వైర్లు ఒక్కొక్కటి విప్పి చూడాలి. గంటో రెండు గంటలో పడుతుంది, ఆ గంటకు డబ్బులిచ్చేవాళ్లుండరు, మీ మాస్టర్ డైరెక్ట్ చెయ్యడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

నువ్వు ఎలాగైనా ఆ ఇంటివాళ్లకు చెప్పు. మాస్టర్ పేరు ఎత్తకుండా, “మీ బోర్డులో ఆర్‌సీసీబీ కనెక్షన్ ఒకసారి చూపించుకోండి” అంటే చాలు.

అగ్గిపుల్లల సంగతికొస్తే, ప్లగ్గు పెట్టకపోతే ఎర్త్ తీగ మిగిలిపోతుంది, మూడు పిన్నుల్లో పొడుగ్గా ఉండేది ఎర్త్‌దే, ముందు అదే తగిలి చివరిదాకా వదలకుండా ఉండాలని అలా చేశారు. దాన్ని పక్కకు మడిచేసి రెండు తీగలే దూర్చినప్పుడు డ్రిల్లింగ్ మిషన్ ఇనుప ఒళ్లు ఫేజుకు తగిలిందంటే ఎర్త్ నీ చెయ్యే అవుతుంది. పైగా ఎవడో వైరు తట్టుకుంటే ఒక తీగ ఊడి నేల మీద పడుతుంది, రెండోది అలాగే ఉంటుంది. నీ జీతంలోంచి అయినా సరే ఒక త్రీ పిన్ ప్లగ్గు కొని మిషన్‌కు బిగించు, మాస్టర్‌తో వాదన పెట్టుకోకు, బిగించిన ప్లగ్గును ఎవరూ కోసి పారెయ్యరు. టెస్టర్ ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకో, ముందు కరెంటున్న చోట దాన్ని చూసి, తర్వాత పనిచేసే చోట చూడు, లేకపోతే పాడైన టెస్టర్ “కరెంటు లేదు” అని నీతో అబద్ధం చెప్తుంది.

పని మానొద్దు. కానీ ఆ మాస్టర్ దగ్గర ఎక్కువకాలం ఉండొద్దు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, పదో తరగతి పాసైతే చేరొచ్చు. వైర్‌మెన్ పర్మిట్ దాకా వెళ్లు. అప్పటిదాకా నీకు ఏదైనా అనుమానమొస్తే ఈ పత్రిక చిరునామాకు రాయి, అచ్చు వెయ్యకుండా నేరుగా జవాబిస్తాను.

ప్రశ్న: నల్గొండ జిల్లాలో వ్యవసాయం మాది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేసరికి సాయంత్రమవుతుంది, నారు ఎండిపోతుంది. స్తంభం మీది ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైన్ తెంపేది) దించి మేమే వేసుకుంటున్నాం. లేదంటే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపిస్తున్నాం. ఇందులో ప్రమాదమేంటి?

జవాబు: అన్నా, నారు ఎండిపోతుంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా నాన్న కూడా రాత్రి కరెంటుకు టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోయినవాడే. అయినా ఈ ఒక్కటి చెయ్యకండి.

ఏబీ స్విచ్‌కు మూడు బ్లేడ్లుంటాయి. తుప్పు పట్టి, వంగిపోయి, హ్యాండిల్ కిందికి లాగినా అందులో ఒకటి విడిపోకుండా అంటుకునే ఉండొచ్చు, కింద నిలబడి చూస్తే ఎండలో తెలియదు. మూడూ విడిపోయినా స్విచ్‌కు పైన వచ్చే లైన్‌లో 11,000 వోల్టులు అలాగే ఉంటాయి, దాన్ని ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరికెళ్తేనే లాగేస్తుంది. ఇంకొకటి చాలామందికి తెలియనిది, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరింట్లోనైనా జనరేటర్ తప్పుగా కలిపి నడుపుతుంటే ఆ కరెంటు వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌లో మళ్లీ వేల వోల్టులవుతుంది. లైన్ ఆగిపోయిందనుకున్న చోటే మనిషి పోతాడు.

ఫోన్‌లో లైన్ ఆపించడం అంతకంటే ప్రమాదం. సబ్‌స్టేషన్ నుంచి నాలుగైదు ఫీడర్లు, అంటే ఒక్కో వైపు ఊళ్లకు వేర్వేరు లైన్లు పోతుంటాయి, ఊరి పేరు చెప్తే అవతలివాడు ఇంకో ఫీడర్ ఆపొచ్చు, డ్యూటీ మారి కొత్తగా వచ్చినతను మీరు పైన ఉన్నారని తెలియక లైన్‌లోకి మళ్లీ కరెంటు వదలొచ్చు. అందుకే డిపార్ట్‌మెంటువాళ్లు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటారు, రాసి, ఎవరు తీసుకున్నారో నమోదు చేసి, ఆ మనిషే తిరిగి అప్పగిస్తే తప్ప లైన్ ఇవ్వరు. ఆ తర్వాత కూడా తీగలకు ఎర్త్ రాడ్డు తగిలించి గానీ చెయ్యి పెట్టరు. ఊళ్లో ప్రైవేటు హెల్పర్‌తో చేయించినా ఇదే సంగతి, అతనికి ఎల్‌సీ ఇవ్వరు.

1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆలస్యమైతే ఆ నంబరుతో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) అడగొచ్చు. పది మంది రైతులు కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టి, ఫ్యూజు ఎన్నిసార్లు పోయిందో తేదీలతో రాసి ఇవ్వండి. మాటిమాటికి పోతోందంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లు ఎక్కువైనట్టే, మీరు లావుపాటి తీగ వేసినకొద్దీ అది కాలిపోయే రోజు దగ్గరపడుతుంది.

ప్రశ్న: మా అన్నయ్యది అనంతపురంలో చిన్న కార్పెంటర్ షాపు. నాలుగంగుళాల గ్రైండింగ్ మిషన్‌కు గార్డు తీసేసి పెద్ద బ్లేడు బిగించి చెక్క కోస్తాడు. పోయిన నెల బ్లేడు ఎగిరి పక్కనున్న కుర్రాడి లుంగీ చీరింది. అయినా మానలేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: లుంగీతో పోయింది, దేవుడి దయ. మీ అన్నయ్యకు ఈ లెక్క చెప్పమ్మా. ఆ మిషన్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. నాలుగంగుళాల డిస్కు అంచు వేగం అప్పుడు గంటకు 200 కిలోమీటర్ల పైన. డిస్కు మీద సెకనుకు 80 మీటర్లు అని రాసి ఉంటుంది చూడండి, అంటే గంటకు 288 కిలోమీటర్లు, అదే దాని హద్దు. అదే మిషన్‌కు ఏడంగుళాలది బిగిస్తే అంచు వేగం గంటకు దాదాపు 370 కిలోమీటర్లు అవుతుంది. పెద్ద డిస్కును తక్కువ చుట్లు తిరిగే పెద్ద మిషన్ కోసం తయారుచేశారు, చిన్నదానికి పెడితే ముక్కలై బుల్లెట్లలా పోతుంది. గార్డు తీసేది కూడా ఆ పెద్ద బ్లేడు పట్టకే కదా.

పళ్లున్న చెక్క బ్లేడు అయితే పగలకపోయినా కష్టమే. చెక్కలో ముడి తగిలితే పళ్లు కొరుక్కుని మిషన్ మొత్తం చేతిలోంచి వెనక్కి, అంటే మెడవైపుకో తొడవైపుకో ఎగురుతుంది. చెక్కకు వేరే కటింగ్ మిషన్ ఉంది, దానికి గార్డు దానంతటదే మూసుకుంటుంది. కొత్తది కొనలేకపోతే సెకండ్ హ్యాండ్‌లో చూడమనండి. అది దొరికేలోపు గార్డు తిరిగి బిగించి, పక్క పిడి పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని సరైన సైజు డిస్కుతో ఇనుము మాత్రమే కొయ్యమనండి, చెక్కకు చేతిరంపం ఉంది. మెడలో తువ్వాలు, వదులు చొక్కా తీసేయాలి. ఆ కుర్రాడిని బ్లేడు తిరిగే వరసలో నిలబెట్టకూడదు.

మీ మాట వినకపోతే ఆ కుర్రాడి అమ్మను ఒకసారి షాపుకు తీసుకెళ్లండి. ఆవిడ ఏమీ మాట్లాడనక్కర్లేదు, కాసేపు అక్కడ కూర్చుంటే చాలు.

ప్రశ్న: వెల్డింగ్ కళ్లకు కొడితే బంగాళాదుంప ముక్కలు పెట్టుకోవచ్చా? మెడికల్ షాపులో చుక్కలిస్తారు, వేసిన వెంటనే నొప్పి పోతుంది.

జవాబు: దుంప ముక్క చల్లగా ఉండి హాయిగా అనిపిస్తుంది, మందేమీ కాదు, మట్టీ క్రిములూ కంట్లోకి పోతాయి. చల్లటి నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డ అంతకంటే నయం. వెంటనే నొప్పి పోయే చుక్కలు మాత్రం వేసుకోకండి. అవి మత్తు చుక్కలై ఉంటాయి, మళ్లీ మళ్లీ వేస్తే కంటి నల్లగుడ్డు మీద పొర మానకుండా పుండవుతుంది. వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు ఆ పొరను కాల్చేస్తాయి, నొప్పి అప్పుడు తెలియదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత అర్ధరాత్రి కంట్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, చూపు మసకబారితే కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లండి. చలువ కళ్లద్దాలు దీనికి చాలవు, 10 లేదా 11 నంబరు గ్లాసున్న షీల్డు కావాలి. అన్నట్టు, రాడ్డు పట్టుకుని నిలబడే హెల్పర్‌కు కూడా ఒకటి ఇవ్వండి, వాడు కళ్లు మూసుకుని ముఖం తిప్పుకుంటాడు, మీరు వెల్డింగ్ చేసినంతసేపూ వాడి చెంపా మెడా కాలుతూనే ఉంటాయి.

ప్రశ్న: వరంగల్ శివార్లలో మా ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. లారీ మా సందులోకి రాదు. ఇద్దరు మనుషులు రాత్రిపూట వచ్చి దిగి తీస్తామన్నారు, తక్కువకే. దీపం దించి చూసి దిగుతారట. సరేననొచ్చా?

జవాబు: వద్దు. ఈ ఒక్క ప్రశ్నకు రెండో మాట లేదు.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, గాలికంటే బరువు కాబట్టి అడుగునే నిలిచి, బురద కదిలించగానే ఒక్కసారిగా పైకొస్తుంది. కొంచెమున్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది, ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది, లోపలున్న మనిషి కంపు తగ్గిందనుకుంటాడు. రెండు మూడు ఊపిరుల్లో కూలిపోవచ్చు. దీపం పెట్టి చూడటం దానికి పరీక్షే కాదు, పైగా మీథేన్ ఉంటే పేలుతుంది. మొదటివాడు పడిపోగానే రెండోవాడు వాణ్ణి లాగుదామని దిగుతాడు, తర్వాత ఇంటివాళ్లలో ఒకరు, అలా ఒకే ట్యాంకులో ముగ్గురు పోయిన వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు? ఎవరైనా పడితే దిగకండి, మూతలన్నీ తెరిచి 101కీ 108కీ ఫోన్ చెయ్యండి, గాలి సిలిండరున్న మనుషులే దిగాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం, దించినవాడు మున్సిపాలిటీ అయినా మామూలు ఇంటి యజమాని అయినా ఒకటే, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మురుగుకాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. తరతరాలుగా కొన్ని కులాలవాళ్లనే ఈ పనిలోకి తోశాం, రాత్రిపూట వచ్చి తక్కువకు చేస్తామనడం వెనక ఆ కథంతా ఉంది. సందులోకి లారీ రాకపోతే పొడుగు పైపులుంటాయి, ట్రాక్టర్‌కు బిగించిన చిన్న ట్యాంకరు దొరుకుతుంది, మున్సిపాలిటీ ఆఫీసులో అడగండి. నాలుగు రోజులు ఇబ్బంది పడినా ఫర్వాలేదు.

ప్రశ్న: జగిత్యాల నుంచి. తొమ్మిదేళ్లు దుబాయిలో సెంట్రింగ్, స్కాఫోల్డింగ్ పని చేసి వచ్చాను. అక్కడ హార్నెస్ లేకుండా పైకెక్కితే ఆరోజే ఇంటికి పంపేవారు. ఇక్కడ సరుగుడు కర్రలు, పురికొసతో కట్టిన గోవా (పరంజా) మీద చెప్పులతో ఎక్కుతున్నారు. నేను హెల్మెట్ పెట్టుకుంటే “దుబాయి షేక్ వచ్చిండు” అని నవ్వారు. మూడో రోజుకు నేనూ తీసేశాను. మనవాళ్లే అక్కడ అంత జాగ్రత్తగా ఉండి ఇక్కడ ఎందుకిలా? ఏమైనా మార్చగలనా?

జవాబు: మీరు హెల్మెట్ తీసేశానని రాసిన వాక్యం దగ్గర నాకు చాలా బాధేసింది. మళ్లీ పెట్టుకోండి, ముందు అది.

ఎందుకిలా అంటే, అక్కడ పరంజా కట్టేవాడు వేరు, దాన్ని చూసి పచ్చ ట్యాగ్ తగిలించేవాడు వేరు, ఎక్కేవాడు వేరు, ట్యాగ్ లేకపోతే ఎక్కకూడదని అందరికీ తెలుసు. పనిలో టైమ్ కూడా పెట్టారు, పొద్దున్నే టూల్ బాక్స్ టాక్ అని ఆరోజు పనిలో జాగ్రత్తల గురించి పది నిమిషాలు, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. మనవాళ్లు మారిపోలేదు, వాళ్ల చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది. ఇక్కడ గోవా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.

దీని మీద నేను మర్చిపోలేని రోజు ఒకటుంది. నేను చూసుకున్న ఒక అపార్టుమెంటు సైట్లో ప్లంబర్లు పొడుగు పైపు లోపలికి తీసుకెళ్లడానికి అడ్డొచ్చిందని గోవాలో ఒక అడ్డకర్ర కట్టు విప్పారు, మళ్లీ కడదామనుకుని భోజనానికి వెళ్లారు. మధ్యాహ్నం ప్లాస్టరింగ్ మేస్త్రీ ఎక్కాడు. ఆయనకు కట్టు విప్పిన సంగతి తెలియదు, ప్లంబర్లకు ఆయన అటువైపు వస్తాడని తెలియదు. పలక తిరగబడి రెండో అంతస్తు నుంచి ఇసుక కుప్ప అంచు మీద పడ్డాడు. బతికాడు. వెన్ను విరిగింది, మళ్లీ తాపీ పట్టలేదు. నేను ఆరోజు పొద్దున గోవా అంతా ఒకసారి చూసి సంతకం పెట్టాను, మధ్యాహ్నం చూడలేదు. అప్పటినుంచి భోజనం తర్వాత ఒకసారి గోవా చుట్టూ నడవకుండా ఎవరినీ ఎక్కనివ్వలేదు.

మీరు మార్చగలరు, కానీ హెల్మెట్‌తో మొదలుపెట్టకండి, అది కనిపించే వస్తువు, నవ్వడం తేలిక. గోవాతో మొదలుపెట్టండి, అక్కడ మీకున్నంత పనితనం వాళ్లకు లేదు. పురికొస తీసేసి కొబ్బరి తాడో నైలాన్ తాడో కట్టండి, వానకు తడిసి ఎండకు ఎండే కట్లు వదులవుతాయి కాబట్టి వాన పడిన మర్నాడు మళ్లీ బిగించండి. కర్ర కాలు మట్టిలో దిగిపోకుండా కింద చెక్క వెయ్యండి, ఇటుక ముక్కలు వద్దు. గోడకు ప్రతి అంతస్తులో కట్టు ఉండాలి, మూల నుంచి మూలకు ఏటవాలు కర్రలు ఉండాలి. పలకలు రెండు చివరలా కట్టి ఉండాలి. నడుము ఎత్తున ఒక కర్ర అడ్డం కట్టండి, ఒక్క కర్ర, దానికి పెద్ద ఖర్చు లేదు. ఇవన్నీ మీరు మాట్లాడకుండా చేసుకుంటూ పోతే వారంలో మేస్త్రీ మీ గోవా మీదే ఎక్కుతాడు, పక్కదాని మీద ఎక్కడు. పని తెలిసినవాడి మాట అప్పుడు వింటారు. ఒక పచ్చగుడ్డ ముక్క, ఒక ఎర్రగుడ్డ ముక్క దగ్గర పెట్టుకోండి, కట్టు విప్పినవాడు ఎర్రగుడ్డ కట్టి వెళ్లాలి, ఇది చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది.

హార్నెస్ గురించి మీకు తెలిసిందే అయినా మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. షాక్ అబ్జార్బర్ (పడినప్పుడు కుదుపు తగ్గించేది) ఉన్న తాడు సాగి మనిషి ఆగాలంటే, తాడు తగిలించిన చోటు నుంచి కిందికి సుమారు 6 మీటర్ల దాకా ఖాళీ కావాలి. మొదటి అంతస్తులో దాన్ని కాళ్ల దగ్గర తగిలించుకుంటే ఆగకముందే నేల తగులుతుంది, అక్కడ పొట్టి తాడు కట్టి తలకంటే ఎత్తులో తగిలించాలి. వేలాడుతున్న మనిషిని నిమిషాల్లోనే దించాలి, ఎక్కువసేపు అలాగే ఉంటే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, అందుకని ఎవరు ఎలా దించాలో ముందే అనుకోవాలి.

ఇంకో పని. మీ జట్టులో ఎంతమందికి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుంది? రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, 18 నుంచి 60 ఏళ్లలోపువాళ్లు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే చేరొచ్చు. చాలామందికి కార్డు లేదు, ఉన్నవాళ్లు రెన్యువల్ చేయించుకోరు, మనిషి పడ్డాక కాగితాల కోసం భార్య ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. మీకు దుబాయిలో కాగితాల పని అలవాటే, ఒక ఆదివారం అందరి ఆధార్లూ పట్టుకుని మీసేవకు వెళ్లండి. ఎంతమందికి కార్డులొచ్చాయో, ఎర్రగుడ్డ చూసి మీ మేస్త్రీ ఏమన్నాడో నాకు రాయండి. ఆ ఉత్తరం వచ్చే సంచికల్లో తప్పకుండా వేస్తాను.